నలభై ఒకటో చెట్టుకు రెండో సాక్షి

మార్చిలో ఐదు రోజులు బెంగుళూరులో ఒక విశ్వవిద్యాలయం ఆవరణలో ఉండి వచ్చాను. ఆ ఊళ్ళో చూడదగ్గవని అందరూ చెప్పేవి ఏవీ చూడలేదు. గేటు దాటి బయటికి పోయింది ఒక్కసారే, ఆ రోజు కూడా అనుకున్న చోటికి చేరలేదు. అయినా తెనాలి తిరిగొచ్చాక అడిగినవాళ్ళందరికీ ఏదో ఒకటి చెప్తూనే ఉన్నాను. అలా ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని వరసలో పెట్టి రాస్తున్నాను.

నా చెల్లెలు వసుధ ఆ విశ్వవిద్యాలయంలో, వృక్షశాస్త్ర విభాగంలో, ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. పాఠాలు చెప్పే ఉద్యోగం కాదు. ఎండబెట్టిన మొక్కల్ని దళసరి కాగితాలకు కుట్టి, పేర్లు రాసి, బీరువాల్లో భద్రపరిచే పని. దాంతోపాటు ఎవరూ అడక్కుండానే ఇంకో పని పెట్టుకుంది. ఆవరణలోని చెట్లకు నంబర్లు వేసి, ఏటా ఏ చెట్టు ఏ రోజు మొదటి పువ్వు పూసిందో ఒక పొడుగాటి పుస్తకంలో రాసేది. క్యాంపస్‌లో వారం వారం ఒక నాలుగు పేజీల వార్తాపత్రిక వస్తుంది. దాని ఆఖరి పేజీ అడుగున, పెళ్ళిళ్ళూ బదిలీలూ పోగొట్టుకున్న గొడుగులూ అన్నీ అయ్యాక, ఆ వారం పూసిన చెట్ల పేర్లు ఉండేవి.

పోయిన ఏడాది మార్చిలో వసుధ పోయింది. ఈ ఏడాది వసంత వారం ఉత్సవాల్లో ఆ తేదీలన్నీ ఒక పెద్ద గుడ్డ మీద రాసి లైబ్రరీలో వేలాడదీస్తామనీ, పుస్తకం తీసుకుని రమ్మనీ విద్యార్థులు నాకు కబురు చేశారు.

రైల్లో

పుస్తకం సంచిలో, సంచి ఒళ్ళో. తెల్లవారాక హిందూపురంలో ఒకావిడ ఎక్కి ఎదురుగా కూచుంది. పూల వ్యాపారమట. రెండు బుట్టలు కాళ్ళ దగ్గర సర్దుకుంటూ కాసేపు నన్ను చూసింది.

"ఎక్కినకాడ్నుంచి చూస్తా ఉండా. ఆ సంచి కింద పెట్టవు. బంగారమా?"

"పుస్తకం. మా చెల్లెలు రాసింది."

"కతలా?"

"కాదు. ఏ చెట్టు ఏ రోజు మొదటి పువ్వు పూసిందో రాసుకుంది."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మేమూ పూలతోనే బతుకుతాము గానీ మా, మాకు కావాల్సింది మొదటి పువ్వు గాదు. రెండో బుట్ట."

దిగేముందు ఒక మూర కాకడాలు తుంచి ఇచ్చింది. డబ్బు వద్దంది. "పూల పుస్తకం గదా, దానికి పెట్టు" అంది. నేను తలలో పెట్టుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. సంచిలో పుస్తకం మీద పెట్టాను. ఐదు రోజులూ ఆ సంచి తెరిచినప్పుడల్లా రైలు గుర్తొచ్చేది.

పుస్తకం మొదటి పేజీలో వసుధ తనకు తాను పెట్టుకున్న నియమాలు ఉన్నాయి. పువ్వు చెట్టు మీద ఉండగా చూడాలి. రాలిన పువ్వు చెల్లదు, గాలి పక్క చెట్టుది తెచ్చి ఉండొచ్చు. ఇద్దరు చూడాలి, ఇద్దరి పేర్లూ రాయాలి. మొదట చూసినవాళ్ళు రెండోవాళ్ళకు వేలుపెట్టి చూపించకూడదు. రెండోవాళ్ళు తమంతట తామే వెతుక్కోవాలి. తప్పు రాస్తే చెరపకూడదు. ఒకే గీత కొట్టాలి, కింద ఉన్నది చదవగలిగేలా. పక్కన కారణం రాసి సంతకం చెయ్యాలి.

నేను ముప్పై ఏళ్ళు తెనాలిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. ఆ పుస్తకంలో నాకు దొరికిన తప్పు ఒక్కటే. ఆఖరి పద్దు. అది నా వల్ల పడింది.

వసుధ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ నలభై ఒకటో నంబరు చెట్టు గురించి అడిగేది. లైబ్రరీ వెనక ఉండే జకరండా. ఆకులన్నీ రాల్చేసి, కొమ్మల చివర లేత నీలి గుత్తులు పూసే చెట్టు. "వెళ్ళి చూసిరా అక్కా" అనేది. నేను మంచం దగ్గర్నుంచి కదలలేకపోయాను. ఒకరోజు పొద్దున మందులకని కిందికి వెళ్ళినప్పుడు, ఆసుపత్రి కార్లు నిలిపే చోట అదే జాతి చెట్టు ఒకటి పూసి ఉంది. ఒక పువ్వు ఏరుకుని పైకి వచ్చాను.

"నలభై ఒకటి పూసింది" అన్నాను.

"చెట్టు మీద చూశావా?"

"చూశాను."

"ఇంకెవరు చూశారు?"

"మునెప్ప."

దిండుకు చేరగిలబడి, చెయ్యి వణుకుతుంటే రెండో చేత్తో పట్టుకుని రాసింది. తేదీ, నా పేరు, మునెప్ప పేరు. నాలుగో రోజున పోయింది. ఆ చెట్టు నిజంగా ఎప్పుడు పూసిందో నాకు తెలియదు. మునెప్పను అప్పటికి నేను చూసి కూడా ఎరగను. వసుధ మాటల్లో విన్న తోటమాలి పేరు, అంతే.

గేటు లోపల

గేటు దాటగానే ఊరి రొద ఎవరో తలుపు వేసినట్టు వెనకపడిపోయింది. దారికి రెండు పక్కలా కానుగ చెట్లు కొత్త ఆకు వేసి ఉన్నాయి. ఎండ ఆ ఆకుల్లోంచి దిగి, పచ్చగా, నీళ్ళ అడుగున ఉన్నట్టుగా ఉంది. మనుషులు కూడా నెమ్మదిగానే నడుస్తున్నారు. ఎవరికీ ఎక్కడికీ ఆలస్యమైనట్టు లేదు.

గెస్ట్ హౌసులో సామాను పెట్టి, టిఫిను ఎక్కడని అడిగితే ఎవరో చెయ్యి చూపించారు. అటు ఒక షామియానా, దాని కింద బారు. వెళ్ళి నిలబడ్డాను. బారు బాగా నెమ్మదిగా కదిలింది. ముందున్నవాళ్ళు చొక్కా చేతులు మడుచుకుంటుంటే, తినే ముందు చేతులు కడుక్కోవడానికేమో, మంచి అలవాటే అనుకున్నాను. నా వంతు వచ్చేసరికి తెల్లకోటు అమ్మాయి "వెయిట్ ఎంత?" అని అడిగింది. రక్తదానం బారు. వయసు కూడా అడిగి, విని, ఆ అమ్మాయి నవ్వుకుని, పద్ధతి ప్రకారం ఇచ్చే బిస్కెట్లూ మామిడి రసం పెట్టె నా చేతిలో పెట్టింది. "వచ్చారు కదా, ఊరికే ఎలా పంపిస్తాం" అంది. మా ఊళ్ళో అయితే ఆ సాయంత్రానికి ఈ సంగతి వీధంతా తెలిసేది. ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు. నాకే ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది.

అలా చెప్పుకున్న మొదటి మనిషి మునెప్ప. గెస్ట్ హౌసు ముందు పాదులు చేస్తున్నాడు. తలకు తువాలు, అరవైకి దగ్గర పడ్డ మనిషి. నేను నడిచి రావడం చూసి పార పక్కన పెట్టాడు.

"మేడమ్మ అక్క గదమ్మా నువ్వు? నడక అట్లే ఉండాది."

రక్తదానం సంగతి చెప్తే పడీ పడీ నవ్వాడు. "మా తోటపనోళ్ళంతా ఏటా ఆ జ్యూసు కోసరమే పోతారు లేమ్మా. నీకు సుమ్మనే దొరికె."

పోయిన ఏటి సంగతి అతను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

క్యాంటీన్ గోడ

క్యాంటీన్‌లో ఒక గోడంతా కార్కు పలక. ఆవరణ వార్తలన్నీ ఆ పలక మీదే. ఆ వారం ఏమేమి ఉన్నాయో నాకు గుర్తున్నంతవరకు: పాత పుస్తకాల అమ్మకం, సాయంత్రం మెట్ల మీద కచేరీ, హాస్టల్ పిల్లి ఈనిన మూడు పిల్లలకు ఇళ్ళు కావాలి, గణితంలో ఒకాయనకు మనవరాలు, ఎవరిదో ఎడమకాలి బూటు దొరికింది. ఒక మూల చిన్న కాగితం: తోట విభాగం మునెప్ప ఈ నెలాఖరున రిటైరవుతున్నారు.

చౌచౌబాత్ తీసుకున్నాను, అరవై రూపాయలు. ఒకే పళ్ళెంలో ఉప్మా కుప్ప, పక్కనే కేసరి కుప్ప, ఒకదాన్నొకటి ఆనుకుని. మనవైపు తీపి ముందైనా రావాలి, ఆఖరునైనా రావాలి. ఇక్కడ రెండూ కలిసే వస్తాయి, ఏది ముందన్న పట్టింపు లేదు. సాంబారులో బెల్లం. మూడో రోజుకి అలవాటైంది. ఇంటికొచ్చాక నా సాంబారే ఏదో తక్కువైనట్టు అనిపించింది.

నన్ను రమ్మని రాసిన ఇద్దరు విద్యార్థులు ఆ గోడ దగ్గరే కలిశారు. హారిక పత్రిక చూసుకుంటుంది. హూడిలో అపార్ట్‌మెంటు, తల్లిదండ్రులిద్దరూ సాఫ్ట్‌వేరు. జోసెఫ్‌ది గుంటూరు దగ్గర ఊరు, తండ్రి బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో పని. గుడ్డ మీద పటం గీస్తున్నది జోసెఫ్. పుస్తకంలోని పేజీలు నేను ముందే ఫోన్లో ఫొటోలు తీసి పంపి ఉన్నాను.

"ఆంటీ, ఈ వారం బులెటిన్‌లో ఫ్రంట్ పేజీ స్టోరీ మేడమ్ మీదే. ఒకసారి చదవరా, ప్లీజ్. మీరు ప్రూఫ్ రీడర్ కదా, నాకు టెన్షన్‌గా ఉంది" అంటూ హారిక ఫోను ఇచ్చింది.

ఇంగ్లీషులో రాసింది. చివర్లో ఇలా ఉంది: ప్రతి ఏడూ అన్నిటికంటే ఆఖరున పూసే నలభై ఒకటో చెట్టు, ఆమె వెళ్ళిపోతోందని తెలిసి, ఆ ఏడు అన్నిటికంటే ముందు పూసింది!

"పటం మీద కూడా ఆ లాస్ట్ డేట్‌ని గోల్డ్ కలర్‌లో రాద్దామనుకుంటున్నాం" అంది హారిక.

జోసెఫ్ అప్పటిదాకా కాఫీ చల్లార్చుకుంటున్నాడు. "నేను ఇంకా ఒప్పుకోలేదండి. ఆ వరసలో జకరండాలు ఆరున్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నలభై ఒకటి ముందు పూయలేదు. ఆ ఏడాదే ఎట్టా పూసిద్ది?"

"ఎండలు ఎక్కువయ్యాయి రా. మేడమ్ తప్పు రాస్తారా? ఎప్పుడైనా రాశారా?"

"మేడం గారు తప్పు రాశారని నేనన్నానా? మా నాన్న వాళ్ళ ప్లాంటులో ఒక్క రీడింగు తేడా వస్తే మెషీను ఆపి చూస్తారు. గోల్డు కలరు పుయ్యరు."

"నీకు అసలు ఫీలింగ్స్ లేవు."

"ఉన్నాయి. కాఫీ చల్లారిపోయిందన్న ఫీలింగ్ ఉంది."

ఇద్దరూ నవ్వి, నావైపు చూశారు. ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాను. నేను ఏరిన ఒక పువ్వు ఇంత దూరం వచ్చింది.

"చివర ఆశ్చర్యార్థకం అక్కర్లేదు" అన్నాను. ఆ పూట నా నోటి నుంచి వచ్చింది ఆ ఒక్క మాటే. హారిక బుద్ధిగా దాన్ని తీసేసి చుక్క పెట్టింది.

చెట్ల నడక

రెండో రోజు పొద్దున ఏడింటికి చెట్ల నడక. ఏటా వసుధ నడిపించేది. ఈసారి ముప్పై మంది దాకా వచ్చారు. విద్యార్థులు, ఇద్దరు ముగ్గురు పాత ఉద్యోగులు, ఒక పసిపిల్లను ఎత్తుకున్న తండ్రి. మాట్లాడటానికి ఎవరినీ నియమించలేదు. మునెప్ప ముందు నడిచాడు. ఒక్కో చెట్టు దగ్గర ఆగి నంబరు చెప్పి, తన మాటల్లో ఒకటి చెప్పేవాడు. "ఇది ఇరవై మూడు. పిడుగు పడి సగం పాయ. మిగిలిన సగం ఊరుకోలా." "ఇది ముప్పై. దీని కాయలు తింటే కడుపు నొస్తాది. తినొద్దని మేడమ్మ బోర్డు పెట్టె. బోర్డు పెట్టినాకనే తినేది ఎక్కువాయ."

ఎవరూ గట్టిగా నవ్వలేదు, కానీ అందరి మొహాల్లోనూ నవ్వు ఉంది. రాత్రి కురిసిన మంచు గడ్డి మీద ఇంకా ఆరలేదు. నా చెప్పులు తడిసిపోయాయి. నడుస్తున్నంతసేపూ వసుధ వరసలో ఎక్కడో వెనక ఉందన్నట్టే ఉంది. వెనక్కి తిరిగి చూడాలని కూడా అనిపించలేదు, చూస్తే ఉండదని కాదు, ఉంటుందన్న నమ్మకంతో.

జకరండాల వరసకు వచ్చాం. ముప్పై ఆరు నుంచి నలభై దాకా ఐదూ పూసి ఉన్నాయి. కింద నేలంతా నీలం. నలభై ఒకటి ఒట్టి కొమ్మలతో ఉంది.

"ఇది ఎప్పుడూ లేటే" అన్నాడు మునెప్ప.

వెనక నుంచి జోసెఫ్ గొంతు. "తాతా, పోయినేడాది ముందే పూసిందంట కదా? పుస్తకంలో నీ పేరుంది. నువ్వు చూశావా?"

మునెప్ప తువాలు విప్పి దులిపి మళ్ళీ కట్టుకున్నాడు. నావైపు చూడలేదు.

"నా పేరుండాది గదప్పా. ఉంటే చూసే ఉంటా."

వరస ముందుకు కదిలింది. నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. అతనికి అంతా తెలుసు. ఏడాదిపాటు నా అబద్ధం అతని పేరు మీద ఉంది. ఈ నెలాఖరున అతను దాన్ని ఇక్కడే వదిలి ఇంటికి వెళ్తాడు, గుడ్డ మీద బంగారు రంగులో.

హూడి దాకా

మూడో రోజు ఆసుపత్రి చెట్టును చూడాలనిపించింది. ఎందుకని అడిగితే చెప్పలేను. ఆసుపత్రి బెళ్ళందూరు దగ్గర. బస్సెక్కి కిటికీ పక్కన కూచున్నాను. ఎండ మొహం మీద పడి కళ్ళు మూతలు పడ్డాయి. తెరిచేసరికి కండక్టరు కన్నడంలో దిగమంటున్నాడు. బెళ్ళందూరు ఎప్పుడో దాటిపోయి హూడి వచ్చేసింది.

రోడ్డు పక్కన టీ బండి దగ్గర, మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒకమ్మాయి ఫోన్లో తెలుగులో ఎవరినో తిడుతోంది. తిట్టడం అయ్యేదాకా ఆగి దారి అడిగాను.

"అయ్యో ఆంటీ, మీరు చాలా ముందుకొచ్చేశారు. అర్జెంటా? ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"లేదమ్మా. అక్కడొక చెట్టుంది. చూద్దామని."

ఆ అమ్మాయి ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ఫోను బ్యాగులో పెట్టేసింది. "ఈ టైములో ట్రాఫిక్‌లో రెండు గంటలు పడుతుంది. టీ తాగండి ముందు. చెట్టు ఎక్కడికీ పోదు కదా" అంది. తన టీతో పాటు నాకూ తెప్పించింది. చిన్న గ్లాసు, పదిహేను రూపాయలు, అల్లం ఘాటు. మా ఊళ్ళో ముక్కూ మొహం తెలియని మనిషికి టీ ఇప్పించాలంటే ముందు ఇంటిపేరు అడుగుతారు. ఆ అమ్మాయి పేరు కూడా చెప్పకుండా క్యాబ్ ఎక్కి వెళ్ళిపోయింది.

ఆసుపత్రికి వెళ్ళలేదు. తిరుగు బస్సులో ఈసారి నిద్ర పోలేదు. దారి పొడుగునా జకరండాలు కనబడుతూ వచ్చాయి. అద్దాల మేడ ముందు ఒకటి నిండా పూసి ఉంది. దాని పక్కదే ఒట్టి కొమ్మలతో ఉంది. ఇంకోటి పూసి అయిపోయి లేత ఆకు వేస్తోంది. అదే మట్టి, అదే ఎండ. దేని రోజు దానిదే. ఇరవై ఆరేళ్ళు వసుధ రాసింది ఆ రోజుల్నే. ఆఖర్న నేను ఒక చెట్టు రోజు తీసి ఇంకో చెట్టుకు పెట్టాను. ఆ సమయంలో అది దయ అనుకున్నాను. ఇప్పటికీ కాదని అనలేను. కానీ దాన్ని ఆమె పుస్తకంలోంచి తీసి నా దగ్గర పెట్టుకోవాలి.

గుడ్డ పటం

నాలుగో రోజు మధ్యాహ్నం లైబ్రరీ కింది హాల్లో గుడ్డ పరిచి ఉంది. పన్నెండు అడుగుల పొడుగు. జోసెఫ్ మోకాళ్ళ మీద కూచుని గీస్తున్నాడు. ఒక్కో చెట్టుకు ఒక్కో గీత, ఏడాదికో చుక్క. దగ్గరికెళ్తే చుక్కలు. దూరంగా నిలబడి చూస్తే ఆ చుక్కలన్నీ ఒక పక్కకు వంగి, గాలిలో ఊగే గడ్డిలా ఉన్నాయి. నలభై ఒకటో గీత చివర మాత్రం పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి వదిలేశాడు. హారిక బంగారు రంగు సీసా మూత తీస్తోంది. మునెప్ప గుమ్మం దగ్గర, చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"ఆగమ్మా" అన్నాను.

చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆసుపత్రి, కార్ల దగ్గర చెట్టు, ఏరిన పువ్వు, నేనన్న మాటలు. వసుధ అడిగిన ప్రశ్నలు కూడా చెప్పాను, ఆమె నియమం తప్పలేదని వాళ్ళకు తెలియాలి. మునెప్ప ఆ పువ్వు చూడలేదనీ, అతని పేరు నేనే వాడుకున్నాననీ చెప్పాను.

హారిక సీసా మూత మళ్ళీ పెట్టింది. కళ్ళు నిండాయి. "ఆంటీ, కానీ ఆ స్టోరీ ఎంత బాగుంది" అంది.

"బాగుంది. అందుకే నాలుగు రోజులు ఆలస్యమైంది."

జోసెఫ్ తల దించుకున్నాడు. తన అనుమానం నిజమైనందుకు సంతోషంగా లేడు. "సారీ అండి. నేను మరీ గట్టిగా అడిగాను."

"నువ్వు అడగకపోతే మా చెల్లెలు బాధపడేది."

గుమ్మం దగ్గర్నుంచి మునెప్ప అన్నాడు. "పోయినేడు అది పూసింది మేడమ్మ పోయిన తొమ్మిదో దినం. నేను చూస్తిని. ఇంకొకరు చూడల్ల గదా, ఎవుర్ని పిల్చేది? మేడమ్మ లేకపాయ. చూసి ఊరకుంటిని."

"మరి అడిగినప్పుడు చెప్పలేదేం మునెప్పా?"

"సచ్చిపోయినామె రాసింది. నేనెట్ల కాదందును? నీ దుఃఖమూ ఉండాది అందులో. నువ్వే చెప్పల్ల. చెప్పితివి. ఇంగ నేను నిమ్మళంగా ఇంటికి పోతా."

పుస్తకం తీసి, ఆఖరి పద్దు మీద ఒకే గీత కొట్టాను, కింద ఉన్నది చదవగలిగేలా. వసుధ అక్షరాలు గీత కింద వణుకుతూ అలాగే కనబడుతున్నాయి. పక్కన రాశాను: ఇది ఆసుపత్రి ఆవరణలోని చెట్టు పువ్వు. రాలినది. నలభై ఒకటి పూసిందని చెప్పింది నేను. సంతకం చేశాను. ముప్పై ఏళ్ళలో కొన్ని వేల తప్పులు దిద్ది ఉంటాను. ఒకదాని కింద నా పేరు రాసుకోవడం అదే మొదలు.

గుడ్డ మీద ఆ ఏడాది చుక్క ఉండాల్సిన చోట ఏం పెట్టాలని చర్చ జరిగింది. మునెప్ప చెప్పిన రోజుకు సాక్షి ఒక్కరే కాబట్టి అదీ చెల్లదన్నాడు జోసెఫ్. హారిక ఈసారి అతనితో వాదించలేదు. ఖాళీ వదిలేశారు. పత్రికలో ఆ వాక్యం తీసేసి, ఆ చోట హారిక ఏం రాయాలో తోచక పిల్లిపిల్లల ప్రకటన పెట్టింది. మూడింటిలో రెండు ఇంకా ఉన్నాయట.

ఐదో రోజు పొద్దున

మధ్యాహ్నం పటం ఆవిష్కరణ, సాయంత్రం రైలు. ఆరున్నరకు ఎవరో తలుపు తట్టారు. మునెప్ప. ఆయాసపడుతున్నాడు.

"నలభై ఒకటి. స్వల్ప బిరబిరా రామ్మా. పుస్తకం తీసుకోని రా."

"పూసిందా?"

"అది నేను చెప్పకూడదు. నువ్వు చూడల్ల."

చెప్పులు వేసుకుంటూ ఆగిపోయాను. "నేను వద్దు మునెప్పా. హారికను లేపు. జోసెఫ్‌ను పిలు. నా సాక్ష్యం నిన్ననే కొట్టేశాను కదా."

అతను గుమ్మంలో నిలబడే ఉన్నాడు. "కొట్టేసింది పద్దు. నిన్ను గాదు. రా."

దారిలో ఎవరూ లేరు. హాస్టల్ పిల్లి ఒక పిల్లను నోట కరుచుకుని మా ముందు దారి దాటింది. ఎక్కడో కొళాయి కింద బకెట్టు నిండుతున్న చప్పుడు. మంచు పలచగా ఉంది, లైబ్రరీ గోడ దాని వెనక మెత్తగా, ఎవరో నానబెట్టినట్టు ఉంది. మిగతా ఐదు చెట్ల నుంచి పువ్వులు రాలుతూనే ఉన్నాయి. రాలేటప్పుడు వాటికి చప్పుడు ఉంటుందని అప్పుడే తెలిసింది. చాలా చిన్నది, కాగితం మడిచినట్టు.

నలభై ఒకటి కింద నిలబడ్డాం. మునెప్ప రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, పొరపాటున కూడా చూపించకుండా. పైకి కూడా చూడలేదు, అతని చూపు వెంట నా చూపు పోతుందని. తన కాళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు.

వెతికాను. కింది కొమ్మలు, నడిమి కొమ్మలు. మెడ నొప్పి పుట్టింది. పక్క చెట్టు పువ్వు ఒకటి ఈ చెట్టు కొమ్మ మీద పడి చిక్కుకుని ఉంది. దాన్ని చూసి నోరు తెరిచి, మళ్ళీ చూశాను. తొడిమ కొమ్మకు అంటలేదు. అది కాదు. ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది, నీలం కాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తుడుచుకుని మొదటి నుంచి మొదలుపెట్టాను. మునెప్ప కదల్లేదు, దగ్గలేదు. వసుధ ఇన్నేళ్ళూ ఇక్కడ ఇలా నిలబడేదన్నమాట. తొందర లేకుండా, ఏదీ కోరకుండా, ఉన్నదే చూడటానికి.

అప్పుడు కనబడింది.

"లైబ్రరీ గోడ వైపు" అన్నాను. "పైనుంచి రెండో కొమ్మ, చివర. ఒకటి విచ్చింది. దాని వెనక ఇంకోటి."

"ఇంకోటా? నాకొకటే అగపడె." మునెప్ప అప్పుడు తలెత్తి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఔ. రెండు" అన్నాడు.

పుస్తకం అతని వీపు మీద ఆన్చి రాశాను. చెట్టు నంబరు, తేదీ. చూసినవాళ్ళ గళ్ళలో మొదట మునెప్ప పేరు, దాని కింద నాది. పైనున్న గీత కొట్టిన పద్దులో కూడా అవే రెండు పేర్లు, వసుధ చేతిరాతలో. మునెప్ప వంగే ఉండి, "ఆరిందా సిరా?" అని అడిగాడు.

"ఇంకా లేదు" అన్నాను.